‘మఱియొక విధమునగాని’: ఒక ఆకాశసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ప్రత్యేకమగు ఒప్పందముచేతగాని, మఱియొక విధమునగాని అనుమతి పొందక రాజ్యవిమానము పరరాజ్యముపై ఎగరరాదు, దిగరాదు.

అవతారిక: 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు సంతకాలు చేసిన పౌరవిమానయాన ఒప్పందంలో మూడో అధికరణం ఇది. నేల ఎవరిదో పైన గాలీ వారిదేనని మొదటి అధికరణంలోనే తేల్చేశారు. ఎంత ఎత్తుదాకా వారిదో చెప్పలేదు. తెనుగుసేత మాది, తప్పులుంటే అవీ మావే.

టీక: ‘రాజ్యవిమానము’ అనగా సైన్యం, కస్టమ్స్, పోలీసుల పనిమీద పోయేది. ‘అనుమతి’ అనగా మన దేశంలో చివరికి ఒక నంబరు. రాయబార కార్యాలయం విదేశాంగ శాఖకు రాస్తుంది. ఏ రకం విమానం, ఎటు వచ్చి ఎటు పోతుంది, ఏ వేళకు, లోపల ఏముంది అని వాయుసేన చూస్తుంది. మంత్రం సిద్ధించిందనడానికి గుర్తు ఆ నంబరే.

ఇక ‘మఱియొక విధమునగాని’. సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. ఈ ‘గాని’ వికల్పార్థకమని వైయాకరణులు అంటారు. కాదు, అనుక్త సముచ్చయం. చెప్పనివన్నీ, చెప్పుకోలేనివన్నీ ఇందులో ఒదుగుతాయి. ఉదాహరణకు 1991 జనవరి. గల్ఫ్ యుద్ధానికి పోతున్న అమెరికా రవాణా విమానాలకు ప్రధాని చంద్రశేఖర్ ప్రభుత్వం బొంబాయి, మద్రాసు, ఆగ్రాలలో ఇంధనం పోయించింది. సంగతి పత్రికలకెక్కింది. ప్రభుత్వాన్ని బయటినుంచి మోస్తున్న రాజీవ్ గాంధీ కాదన్నారు. ఫిబ్రవరిలో ఆ పోత ఆగిపోయింది. మరో విధంగా వచ్చినది మరో విధంగానే పోతుందని ఇక్కడి ధ్వని. సూత్రంలో ‘దిగరాదు’ అని విడిగా ఎందుకన్నారో కూడా ఈ ఉదాహరణతో తెలుస్తుంది. పైన పోయేదాన్ని ఎవరూ చూడరు, రన్‌వే మీద నిలబడ్డదాన్ని ఫోటో తీస్తారు.

పూర్వపక్షం: ఇంత తంటా ఎందుకు, చుట్టుతిరిగి పోరాదా?

సమాధానం: పోవచ్చు. 1986 ఏప్రిల్‌లో లిబియా మీద బాంబులు వేయడానికి ఇంగ్లండులోని లేకెన్‌హీత్ నుంచి అమెరికా ఎఫ్-111లు లేచాయి. ఫ్రాన్సు, స్పెయిన్ దారి ఇవ్వలేదు. అట్లాంటిక్ మీదుగా దిగి, జిబ్రాల్టర్ సందులోంచి దూరి, గాల్లోనే పదేపదే ఇంధనం నింపుకుంటూ, రానుపోను సుమారు 13 గంటలు ఎగిరాయి. ఆ దాడిలో ట్రిపోలీలోని ఫ్రెంచి రాయబార కార్యాలయం కూడా దెబ్బతింది. దారి ఇవ్వనివాడికి శాస్తి అని అనగల వ్యాఖ్యాతలున్నారు. గురి తప్పింది ఇత్యర్థః.

తాత్పర్యం: అడిగి పోవలెను.

పాఠాంతరం: ‘ఎగరరాదు’ అన్నచోట ‘ఎగిరినట్లు తెలియరాదు’ అనే పాఠం ఒకటి వాడుకలో ఉంది. ప్రామాణిక ప్రతుల్లో కనబడదు. 1960 మే 1న పెషావర్ నుంచి లేచిన అమెరికా గూఢచారి విమానం యూ-2 ఈ పాఠాన్నే అనుసరించి స్వెర్డ్‌లోవ్‌స్క్ దాకా పోయింది. (సోవియట్ యూనియన్ అప్పటికింకా షికాగో ఒప్పందంలో చేరలేదు. అయినా ఆకాశం దానికీ ఉంది.) అక్కడ క్షిపణి తగిలి కూలింది. అది వాతావరణ పరిశోధన విమానమని అమెరికా టీక చెప్పింది. పైలట్ పవర్స్ ప్రాణాలతో దొరికాడని సోవియట్ నేత క్రుశ్చేవ్ బయటపెట్టేదాకా ఆ టీక నిలిచింది.