ఆగని బండికి ఇంజిన్ మార్పిడి

కువైట్‌లోని షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలకు లోటు లేదు. అక్కడ ఎవరైనా మెకానిక్‌ను పట్టుకుని, "అన్నా, బండి ఫోర్త్ రింగ్ రోడ్డు మీద నూటిరవైలో పోతుండగానే ఇంజిన్ మార్చాల, లోపల కూర్చున్నోళ్లకు కుదుపు తెలియగూడదు" అనండి. ఆయన కడప మనిషైతే ముందు మీ మొహం చూసి, తర్వాత ఎండ చూసి, చన్నీళ్ల బాటిల్ చేతికిస్తాడు. అదే మాట కంప్యూటర్ సిస్టమ్ గురించి ఏసీ గదిలో స్లైడ్ మీద రాస్తే దాని పేరు 'జీరో డౌన్‌టైమ్'. బిల్లు వేల దీనార్లలో.

అసలు కుదరదని కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ వాళ్లు ఎర్లాంగ్ అనే భాషనే పుట్టించారు. కాల్ తెగకుండా లోపల కోడ్ మార్చొచ్చు. కానీ అందులో ఒక్కో మాడ్యూల్‌కు రెండు వెర్షన్లకే చోటు. మూడోది దిగేసరికి, ఇంకా మొదటిదాన్నే పట్టుకు వేలాడే ప్రాసెస్‌ను చంపేస్తారు. అంటే ఆపకుండా మార్చాలన్నా ఎక్కడో ఎవర్నో ఆపాల్సిందే. ఎవర్ని ఆపితే మిగతావాళ్లు బతుకుతారో ముందే తేల్చుకోవడమే అసలు డిజైన్. అది స్లైడ్ ఎక్కదు. ఎక్కేవి తొమ్మిది తొమ్మిదులు: ఎరిక్సన్ ఏఎక్స్‌డీ301 స్విచ్ 99.9999999 శాతం నడిచిందని గొప్పగా చెప్పుకున్నారు. ఏడాదికి 31 మిల్లీసెకన్ల విరామమన్నమాట. మనం ఒక్కసారి రెప్ప వేస్తే మూడేళ్ల కోటా హుష్!

వాట్సాప్‌నూ ఎర్లాంగ్‌తోనే కట్టారు. అయినా 2021 అక్టోబర్ 4 సాయంత్రం, డ్యూటీ దిగిన మనవాళ్లు ఇంటికి పెట్టిన మెసేజ్‌కు ఒక్క టిక్కూ పడలేదు. తప్పు ఎర్లాంగ్‌ది కాదు. నడుస్తున్న నెట్‌వర్క్ మీదే, దాని సామర్థ్యం చూద్దామని వాట్సాప్ యజమాని ఫేస్‌బుక్‌లో ఒక కమాండ్ కొట్టారు. డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెగాయి. అలాంటి కమాండ్లను అడ్డుకోవాల్సిన కాపలా ప్రోగ్రామ్‌లోనే బగ్. బాగుచేద్దామంటే లోపలికి పోయే దారీ ఆ నెట్‌వర్కే! ఆరు గంటలు పైనే పట్టింది. అప్పటికి ఇంటి దగ్గర రాజంపేటలో తెల్లవారుజామయింది.

అంతకన్నా ముచ్చటైనది నైట్ క్యాపిటల్ కథ. 2012లో ఆ అమెరికా షేర్ల కంపెనీ ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వేసి, ఎనిమిదోదాన్ని మరిచింది. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే అందులో ఏళ్లుగా పడుకున్న పాత కోడ్ లేచి ఆర్డర్లు కురిపించింది. కంగారులో మిగతా ఏడింటినుంచీ కొత్త కోడ్ పీకేశారు. అవీ అదే పాట అందుకున్నాయి. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయాయి. డౌన్‌టైమ్ మాత్రం లేదండోయ్. ఆ ముప్పావుగంటా సిస్టమ్ భేషుగ్గా నడిచింది.

కాబట్టి షువైఖ్‌లో షాపులూ గోదాములూ నడిపే బాబుల్లారా, "మీ సిస్టమ్ ఆపకుండా మార్చేస్తాం సార్" అంటూ ఎవరైనా వస్తే, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిచే ఆ గంటలో ఒకదాని మెసేజ్ రెండోదానికి అర్థమవుతుందా అని అడగండి. వెనక్కి రావాల్సివస్తే ఎన్ని నిమిషాలు పడుతుంది, అది చివరిసారి చేసి చూసిందెప్పుడు అని కూడా అడగండి. జవాబు రాకుండా సంతకం పెట్టకండి.