పొయ్యి వెలిగించని పుణ్యమూర్తులకు జోహార్లు

హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. తెల్లారకముందే మా మొరసునాటి కీరలు, క్యారెట్లు, క్యాబేజీలు, కొత్తిమీర కట్టలు లారీలెక్కి అత్తిబెలె దాటిపోతాయి. వాటిలో ఏ కొన్నో అదృష్టం పండి మీ పచ్చి భోజనశాల చేరతాయి. శనివారం సాయంత్రం మా హోసూరు ఇంజినీర్లు కార్లెక్కి వెళ్ళి, ముందుగా బుక్ చేసుకున్న బల్ల దగ్గర కూర్చుని వాటినే తిని వస్తారు. బస్తాల్లో అమ్ముకున్న సరుకును గ్రాముల్లో తిరిగి కొనుక్కునే భాగ్యం మాకు ఇన్నాళ్ళూ లేకపోయింది. ఆ లోటు తీర్చిన మహానుభావులు మీరు.

నలుడూ భీముడూ పాకశాస్త్రంలో మొనగాళ్ళే, కాదనను. కానీ నిప్పు లేకపోతే వాళ్ళ చేతులు ఆడవు. మీకు ఆ బలహీనత లేదు. 42 డిగ్రీలు, మహా అయితే 48. అంతకు మించి వేడి తగిలితే ఆహారం చచ్చిపోతుందని మీ సిద్ధాంతం. ఆ గీత సరిగ్గా ఎక్కడుందో మీలో మీకే కుదరకపోవడం సిద్ధాంతం లోతుకు నిదర్శనం. మా ఊళ్ళలో కలుపు తీసిన చేతులు, తీసిన కలుపుకే కూలి అడిగి మరీ తెచ్చుకోవాలి. వండని వంటకు సర్వీస్ చార్జీతో సహా రాబట్టుకునే నేర్పు మీకే చెల్లింది.

మీ డీహైడ్రేటర్‌ను ఎంత పొగిడినా తక్కువే. గంటల తరబడి కరెంటు తాగి, మొలకెత్తిన రాగులను ఎండబెట్టి, పెళుసు బిళ్ళగా చేసి ఇస్తుంది. మా ఇళ్ళల్లో అవ్వలు మామిడి ఒరుగులనూ తాండ్రనూ మిద్దె మీద చాపలేసి ఎండబెట్టేవాళ్ళు. మీ గీత దాటనంత ఎండే అది. అయినా సూర్యుడికి మీటరు లేదు, తాండ్రకు మెనూ కార్డు లేదు. గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక రాగిముద్ద సంగతి ఎత్తకపోవడమే మర్యాద. ఉడికే ఎసట్లో పిండి పోసి, తెడ్డుతో గెలికి, చేతులు కాలుతుండగా ముద్ద కట్టే మొరటుతనం మీ తెల్లటి పింగాణీ పళ్ళేనికి ఎలా సరిపోతుంది?

మీ జీడిపప్పు చీజ్ అయితే నిష్ఠకే నిష్ఠ. జీడిగింజ పెంకులో చర్మాన్ని కాల్చేసే నూనె ఉంటుంది. అందుకే పలాసలోనైనా ఇంకెక్కడైనా సాధారణంగా పెంకు పగలగొట్టే ముందు గింజలను వేయించడమో ఆవిరి పట్టడమో చేస్తారు. అంగట్లో పచ్చిదని అమ్మే పప్పు కూడా మామూలుగా ఆ వేడి దాటి వచ్చిందే. తన వంటగదిలో నిప్పు లేదు గనుక లోకంలోనే లేదనుకోగలగడం మామూలు భక్తి కాదు.

శ్రీరామనవమికి మా పందిళ్ళలో వడపప్పు, చలిమిడి, పానకం పంచుతారు. నానిన పెసరపప్పు, తడి బియ్యప్పిండి, బెల్లం నీళ్ళు. పొయ్యి అవసరం లేదు, పాలూ నెయ్యీ అక్కర్లేదు, డబ్బు అసలే అడగరు. ఇంత చవకబారు వ్యవహారాన్ని మీరు మెనూలో చేర్చకపోవడం సబబే. పైగా బెల్లం పెనంలో కాగినది, కాబట్టి పనికిరాదు. తేనె తేనెటీగల సొత్తు, కాబట్టి పాపం. సముద్రం దాటి వచ్చే ఖర్జూరం ఒక్కటే పరిశుద్ధం. పక్క ఊరి చెరకు రైతు మీ ధర్మసూక్ష్మం ముందు తల వంచుకోవాల్సిందే.

మీ శాస్త్రజ్ఞానం మరీ గొప్పది. పచ్చి ఆహారంలోని ఎంజైములు సజీవంగా మనకు అందుతాయంటారు. కడుపులోని ఆమ్లం వాటిని ఏం చేస్తుందో చెప్పి తినేవాళ్ళను బెదరగొట్టరు. వేడికి విటమిన్ సి తగ్గుతుందని మాత్రం తప్పకుండా చెబుతారు, అది నిజమే. టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఉడికితేనే ఒంటికి బాగా పడతాయన్న రెండో సగాన్ని దాచిపెడతారు. సగం చెబితే చాలునని తెలిసినవాడే వ్యాపారి.

ఈ పచ్చితిండి విద్యలో మా తెలుగువాళ్ళు మీకన్నా ముందే అడుగుపెట్టారు. 1929లో గాంధీగారు ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి వైద్యం చేసే సుందరం గోపాలరావు గారు, నిప్పు తగలని ఆహారం తినాలని ఆయనకు బోధించారు. గాంధీగారు మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, పచ్చి ఆకులు, నిమ్మకాయలు, తేనెతో ప్రయోగం మొదలుపెట్టారు. దాని గురించి తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో రాశారు. కొన్ని నెలలకే జబ్బుపడి, మళ్ళీ మేకపాలకు వచ్చారు. అదీ దాచుకోలేదు. ఒక్కరికైనా బిల్లు వేయలేదు, ఫలించని ప్రయోగాన్ని ఫలించలేదనే చెప్పారు. ఇలాంటి అమాయకపు అలవాట్లు మీకు అంటకపోవడం మీ పూర్వజన్మ సుకృతం.

మీ కులగురువులు న్యూయార్క్‌లో ఉండేవారు. 2004లో అక్కడ తెరిచిన ‘ప్యూర్ ఫుడ్ అండ్ వైన్’ అనే పచ్చి భోజనశాలలో సినిమా తారలు పచ్చి లసాన్యా తినేవారు. తర్వాత జీతాలు ఆగాయి, పెట్టుబడుల డబ్బు మాయమైంది. పరారీలో ఉన్న యజమానురాలు, ఆమె భర్త 2016లో టెనెసీలో దొరికిపోయారు. ఆచూకీ చెప్పింది భర్త తెప్పించుకున్న డామినోస్ పిజ్జా. నిప్పును వెలివేసిన ఇంటికి కూడా ఆకలి వేళ నిప్పే గుర్తుకు రావడం మీ సంప్రదాయ రహస్యం కాబోలు.

రాయకోట సంతలో టమాటా ధర కూలిన రోజుల్లో రైతులు కోత కూలి కూడా దక్కక పంటను ఆవుల ముందు పోస్తారు. ఆ ఆవులు మీ మెనూను ఉచితంగా, ఉప్పు కూడా లేకుండా భోంచేస్తాయి. వాటికి రుచి తెలియదు, పాపం. రుచి తెలియాలంటే నాలుగంకెల బిల్లు చూడాలి.

చదువరీ, పచ్చిగా తినడం తప్పు కాదు. కీర, క్యారెట్, జామకాయ, మొలకలు తింటే మంచిదే. వండకపోవడాన్ని వంటకన్నా ఖరీదుగా అమ్మడమే తప్పు. ఈసారి కృష్ణగిరి మీదుగా వెళ్తే బస్టాండు దగ్గర ఉప్పూకారం చల్లిన తోతాపురి ముక్కలు కొనుక్కోండి. అవీ పచ్చివే, నిప్పు తగలనివే. అక్కడ మాత్రం బేరమాడకండి.