సుడిదోమను సాకే విధానం

సుడిదోమ దానంతటదే వచ్చి చేను మీద పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా అనడం రైతు కష్టాన్ని తక్కువ చెయ్యడమే. పచ్చటి వరిని నాలుగు రోజుల్లో గుండ్రంగా, చుట్టలు చుట్టలుగా మాడ్చేసి, ఎవరో నిప్పు పెట్టారేమో అనిపించేలా చెయ్యడం గోధుమ రంగులో నువ్వుగింజంత ఉండే పురుగు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. దానికి మనిషి తోడు కావాలి. ఎప్పుడేం చెయ్యాలో తెలియక కొందరు ఏటా పంటను మామూలుగా పండించుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఈ నాలుగు ముక్కలూ వారి కోసం.

ముందు విత్తనం. బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, ఊరంతా కలిసి వెయ్యండి. అన్నానికి బాగుంటుంది, ధరా పలుకుతుంది, దోమకూ బాగుంటుంది. ఎంటీయూ 1010 లాంటి, దోమను కాస్త తట్టుకునే రకాల జోలికి పోవద్దు. నాట్లప్పుడు తూర్పు పడమరలుగా ప్రతి 2 మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏటా చెబుతారు. కాలిబాట తీస్తే గాలి ఆడుతుంది, మొదళ్ళకు వెలుతురు తగులుతుంది. దోమకు కావలసింది చీకటీ చెమ్మా. అయినా కౌలు కట్టేది చేను మొత్తానికి కదా, నడిచే బాటకు కూడా కౌలు కట్టడం ఏం తెలివి?

యూరియా పైరుకు కావలసిన రోజున కాదు, బస్తా దొరికిన రోజున వెయ్యాలి. రెండు బస్తాలు దొరికితే రెండూ వెయ్యాలి. దఫాలు, మోతాదులు అంటూ కూర్చుంటే పైరు నల్లబడదు, పక్క చేను వాళ్ళు చూసి కుళ్ళుకోరు. నత్రజని ఎక్కువైన దుబ్బు మెత్తగా, గుబురుగా పెరుగుతుంది. అలాంటి దుబ్బు రసం తాగిన ఆడదోమ గుడ్లు ఎక్కువ పెడుతుంది. చేలో నీళ్ళు ఒక్క రోజు కూడా తియ్యొద్దు. అప్పుడప్పుడూ ఆరగడితే మొదళ్ళ దగ్గర చెమ్మ తగ్గి దోమకు సుఖం ఉండదు.

ఇక అసలు పని మందు కొట్టడం. ఇందులో వేళ ముఖ్యం. నాటిన మూడు నాలుగు వారాలకు ఊళ్ళో ఒకరు ‘ఆకుముడత’ అనగానే మీరు దుకాణానికి బయలుదేరాలి. ఆ వయసులో కొన్ని ఆకులు పోయినా వరి కోలుకుంటుందని, మొదటి 40 రోజులూ ఆకు తినే పురుగుల కోసం మందు కొట్టనక్కర్లేదని శాస్త్రవేత్తలు 1990ల నుంచీ వియత్నాం రైతులకు చెబుతూ వచ్చారు. ఆ దేశం సంగతి మనకెందుకు? సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ ఏదైనా తెచ్చి కొట్టండి. అరువు మీద ఇస్తారు, వాసన ఘాటుగా ఉంటుంది, సాయంత్రానికల్లా పురుగులు నీళ్ళ మీద తేలుతాయి.

తేలేవి ఏమిటన్నది చూడకపోతేనే మనసుకు మంచిది. చూడకుండా ఉండలేనివాళ్ళు మందు కొట్టే ముందు రోజు ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, వంగి మొదట్లోకి చూడండి. వీపు మీద చీలిన గుర్తుతో ఒక సాలీడు ఉంటుంది. గూడు కట్టదు, నీటి మీదే పరుగెడుతుంది. ఆడదైతే పిల్లలన్నింటినీ వీపున మోసుకు తిరుగుతుంది. రోజుకు అయిదు నుంచి పదిహేను పురుగుల్ని తింటుంది, దోమంటే మరీ ఇష్టం. అక్కడే ఆకుపచ్చ రంగులో సన్నటి మిరిడ్ నల్లి ఉంటుంది. దోమ తన గుడ్లను ఆకుతొడిమ లోపల దాచిపెడుతుంది కదా, ఈ నల్లి వాటిని వెతికి పట్టుకుని ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. పైన తూనీగలు, కింద కప్పలు. కూలి అడగకుండా ఇంతమంది పనిచేస్తుంటే దోమ ఎలా బతికేది?

మొదటి పిచికారీతో ముందు పోయేది వీళ్ళే. తొడిమ లోపలి గుడ్లకు మందు తగలదు. వారం పైచిలుకులో అవి పగిలి పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు ఒక్కడూ ఉండడు. ఇంత చిన్న ఖర్చుతో ఇంత ఫలితం మరే పద్ధతిలోనూ రాదు.

దోమ కనబడ్డాక కంగారు పడొద్దు. పాయలు తీసి, మొదళ్ళు తడిసేలా కొట్టమంటారు. అది నడుం నొప్పి వ్యవహారం. గట్టు మీద నిలబడి పవర్ స్ప్రేయర్‌తో పైపైన ఆకులు కడిగి రండి. దోమకు చినుకు పడదు, మీకు కొట్టామన్న తృప్తి ఉంటుంది. ఒక మందుతో నమ్మకం కుదరకపోతే మూడు కలపండి, డబ్బాల మీద రాసింది ఎవరు చదువుతారు? నిరుడు పనిచేసిన మందే ఈ ఏడూ వాడండి. ఇమిడాక్లోప్రిడ్‌ను ఆసియాలో చాలా దేశాల దోమ ఇప్పటికే అరిగించుకుంది, మన దోమ మాత్రం ఎందుకు వెనకబడాలి?

ఇండొనేషియా కథ ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. అక్కడ 1986లో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందులు కొట్టకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. మందుల మీద సబ్సిడీ కూడా 1989 నాటికి ఎత్తేశారు. ధాన్యం తగ్గి దేశం ఆకలితో మాడిపోవాలి కదా? పెరిగింది. ఇలాంటివి దుకాణం అరుగు మీద మాట్లాడే విషయాలు కావు.

గట్ల సంగతి మరిచిపోవద్దు. గట్టు మీద కందో, నువ్వో, బంతో వేస్తే ఆ పూలకు వచ్చే చిన్న కందిరీగలు చేలోకి దిగి దోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టి పాడుచేస్తాయి. గడ్డి ఉన్నా సాలీళ్ళు అందులో తలదాచుకుని, మందు ఘాటు తగ్గాక మళ్ళీ చేలోకి వస్తాయి. అందుకని గట్టును గడ్డిమందుతో నున్నగా చెయ్యండి. కోతయ్యాక గడ్డికి నిప్పు పెడితే మిగిలిన వాటి పనీ అయిపోతుంది.

ఇంత చేసినా ఒక్క ప్రమాదం ఉంది. పక్క చేను ఆయన మందు కొట్టకపోతే ఆయన సాలీళ్ళు గట్టు దాటి మీ చేలోకి వస్తాయి. పోరు పెట్టి ఆయన చేత కూడా కొట్టించండి. వినకపోతే, మీ చేలో సుడులు పడ్డాక, ఆయన మందు కొట్టకపోబట్టే దోమంతా ఇటొచ్చిందని రచ్చబండ దగ్గర గట్టిగా చెప్పండి. ఊరంతా నమ్ముతుంది.