కొట్లాడనీకె మనిషి దొరకని దఫ్తరు

మా అక్క కొడుకు టోక్యోకు పోయి అప్పటికి పదకొండు దినాలైంది. మనకు రాత్రి పదిన్నర, వానికి రెండు. హాస్టల్ వైఫై మీద వాట్సాప్ కాల్ చేసిండు.

“మామా, ఈడ ముద్ర లేకుంటే మనిషి లెక్కలకు రాడు.”

“దస్కతు పెట్టరాదురా?”

“పెట్టిన. బ్యాంకులామె రెండు చేతులతోని కాయితం పట్టుకొని చూసింది. తలకాయ ఒక దిక్కు వాల్చింది. పండ్ల సందుల నుంచి గాలి లోపలికి గుంజింది. ‘చోత్తో’ అన్నది.”

“అంటే?”

“‘కొంచెం’ అని.”

“కొంచెం ఏంది?”

“అంతే మామా. మాట అయిపోయింది.”

దేవరకద్రల పుట్టి, జడ్చర్లల ఇంటరు చదివి, హైదరాబాదుల కంప్యూటర్లు నేర్చిన పిలగాడు. ‘కొంచెం’ తర్వాత ఇంకేదన్న రావాలె కదా అని కౌంటరు ముందట నిలబడే ఉన్నడంట. ఆమె గూడ నవ్వుకుంట నిలబడే ఉన్నదంట. వెనకనున్న ముసలాయన సన్నగ దగ్గినంక గాని మనోనికి సమజు కాలేదు, ఆ ‘కొంచెం’ అన్నదే ‘ఇంక పో’ అని.

జపానుల మనిషికొక ముద్ర ఉంటది. హాన్కో అంటరు. చిటికెన వేలంత కట్టెముక్క, దాని కొసకు ఇంటిపేరు చెక్కి ఉంటది. సాతో, సుజుకి, తనాకా అసొంటి ఇంటిపేర్లయితే నూరు యెన్ల దుకాణంల తాళంచెవుల లెక్క వరుసగ పెట్టి అమ్ముతరు. మనోళ్ల ఇంటిపేరు ఏ గూట్ల దొరకాలె? ఆర్డరిచ్చి చెక్కించుకోవాలె. చెక్కించనీకె ముందు ఆ పేరు వాళ్ల కటకానా లిపిలకు దిగాలె. ఆ లిపిల ‘ల’ లేదు, ఉన్నది ‘ర’ ఒక్కటే. ఒత్తులు కుదరవు, హల్లుకొక అచ్చు తోకుండాలె. వెంకటేశ్వర్లు అనే పెద్దమనిషి ఆ తలుపుల పడి పోతే వెంకతేషువరురు అయి బయటికొస్తడు. (నిజానికి ఈ విషయంల వాళ్లకు మనకు చుట్టరికమే. ఇంగ్లీషోని బస్ మనకు బస్సు, వాళ్లకు బసు. కప్పయితే ఇద్దరికీ కప్పే. మాట చివర అచ్చు లేకుంటే ఇద్దరికీ నోరు కట్టేసినట్టుంటది. ఆ చుట్టరికం బ్యాంకుల మాత్రం చెల్లలేదు.) రెసిడెన్స్ కార్డు మీద ఇంగ్లీషు అక్షరాలు, బ్యాంకు ఫారంల కటకానా. ఫారం మీద గడులు అయిపోతే పేరు గూడ అక్కడికే అయిపోతది. ఒక పేరుకు ఇంకో పేరుకు పొంతన లేకుంటే మల్ల ‘చోత్తో’.

ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరు అడుగుతరు. ఫోన్ తీసుకోవాలంటే ఖాతానో క్రెడిట్ కార్డో అడుగుతరు. రెంటికీ ఇంటి చిరునామా కావాలె. ఇల్లు అడిగితే ఫోన్ ఏది, ఖాతా ఏది, జీతం కాయితమేది, జమానతు ఎవరు అంటరు. జమానతు అన్న మాట ఇన్నంక మా అక్క గుండె జారింది. మా నాయన ఎవరికో జమానతు ఉండి రెండెకరాలు పోగొట్టుకున్న ఇల్లు మాది. ఇప్పుడు కొత్త ఊర్ల, కొత్త భాషల, పదకొండు దినాలల్ల జమానతు ఇచ్చే జపానాయన్ను ఏడికెల్లి తేవాలె? మనిషి లేకుంటే జమానతు కంపెనీలున్నయి, దానికి వేరే ఫీజు. అది గాక రెయికిన్ అని ఒకటున్నది. ఇల్లు కిరాయికిచ్చినందుకు ఇంటాయనకు ఇచ్చే దండం పైకం. డిపాజిట్ కాదు, తిరిగి రాదు. నెల కిరాయి, ఒక్కోసారి రెండు నెలలది. మన దిక్కు గూడ ఇట్లాంటివి ఇస్తరు, కాకపోతే బల్ల కింద ఇస్తరు. వాళ్లు రసీదిస్తరు.

అదే దేశంల 2023 సర్వే లెక్కన ఖాళీ ఇండ్లు 90 లక్షలు. 2024ల పుట్టిన పిల్లలు ఏడు లక్షలకు లోపు. ఇండ్లు మనుషుల కోసం ఎదురుచూస్తున్నయి, మనుషులు ఇండ్ల కోసం తిరుగుతున్నరు, నడుమ రియల్ ఎస్టేటాయన వంగి దండం పెట్టుకుంట నిలబడ్డడు. ఆ దేశపు న్యాయశాఖే సర్వే చేయించి 2017ల బయటపెట్టింది: ఇల్లు వెతుక్కున్న విదేశీయులల్ల నూటికి దాదాపు నలభైమందికి విదేశీయులన్న కారణంతోనే ఇల్లియ్యలేదు. మా పిలగాడు ఆ నలభైలోడు. “ఇంటాయన విదేశీయులంటే కొంచెం…” అని ఏజెంటు చానా మర్యాదగ చెప్పిండంట. చెప్పి, లిఫ్టు దాక సాగనంపి, తలుపులు మూసుకునేదాక వంగే ఉన్నడంట.

“తిట్టాలనిపించలేదారా?” అన్న.

“అట్ల వంగినోన్ని ఎట్ల తిడతం మామా?”

సంగతంత ఈ మాటల్నే ఉన్నది.

జపాను కంపెనీల మీద, దఫ్తర్ల మీద విదేశీయులు చేసే ఫిర్యాదులు చూస్తే పైకి అన్నీ ముద్రల గురించి, ఫ్యాక్సుల గురించి ఉంటయి. వాటికేం తక్కువ లేదు. 2018ల అక్కడి సైబర్ భద్రత మంత్రి సకురాదా, నేను కంప్యూటరు ముట్టనే ముట్టలేదని పార్లమెంటుల నిలబడి చెప్పిండు. హ్యాకర్లకు అంతకన్న భద్రమైన మంత్రి ఎవడుంటడు? 2019ల ఐటీ మంత్రైన తకెమోతో అప్పటికే హాన్కోలను కాపాడే ఎంపీల సంఘానికి పెద్ద. మన దిక్కు బెల్టుషాపులు నడిపించేటాయన్ను మద్యనిషేధం కమిటీకి పెద్దను చేసినట్టు. మల్ల 2020ల కోనో తారో అనే మంత్రి నడుం కట్టిండు. సర్కారు పనులల్ల ముద్ర అడిగే దర్కాస్తులు దాదాపు 15,000 తేలినయి. 83 తప్ప అన్నింటికీ ముద్ర తీసేస్తమన్నడు. ఆ ఊపుల 2021ల సర్కారు ఫ్యాక్సుల మీదికి పోయిండు. దఫ్తర్ల నుంచి వందలకొద్ది అభ్యంతరాలొచ్చినయి, ఫ్యాక్సు గెలిచింది. ఆయన ఫ్లాపీల మీద పడ్డడు. ఫ్లాపీల ఇయ్యాలె, సీడీల ఇయ్యాలె అని చెప్పే నిబంధనలు వెయ్యికి పైన ఉండె. 2024 జూన్ దాక కొట్లాడి గెలిచిండు. ఫ్లాపీ అంటే ఏందో ఈ కాలం పిలగాళ్లకు తెల్వదు, కంప్యూటర్ల ‘సేవ్’ బొమ్మ చూపించి చెప్పాలె.

ఫ్లాపీ అంటే ఆబు ముచ్చట యాదికొస్తది. యామగుచి జిల్లాల చిన్న ఊరు. 2022ల కరోనా సాయం 463 ఇండ్లకు ఇంటికి లక్ష యెన్లు. పేర్ల జాబితా ఫ్లాపీల పెట్టి ఊరి దఫ్తరోళ్లు బ్యాంకుకిచ్చిన్రు. అది సక్కగనే పోయింది. దానికి తోడు ఒక కాయితం గూడ పోయింది, అండ్ల ఒక్కటే పేరు, నాలుగు కోట్ల అరవై మూడు లక్షల యెన్లు. బ్యాంకు మొత్తం ఒకని ఖాతాల వేసింది. వాడు 24 ఏండ్ల పోరడు, ఆన్‌లైన్ జూదంల పెట్టిండు. మా పిలగాని పేరుల ఒక అక్షరం తప్పితే పట్టుకున్న వ్యవస్థ, నాలుగు కోట్ల కాయితంల తప్పు పైసలు పడేదాక పట్టలేదు. కాయితం మీద ముద్ర సక్కగున్నదేమో మరి.

అయితే నేననేది ఏందంటే, ముద్రలు పోయినా మా పిలగాని కోపం పోదు. ఎందుకంటే వాడు పాలమూరోడు. పాలమూరోనికి దఫ్తరుల పని కాకపోవుడు కొత్త కాదు. “రేపు రా” అనిపించుకోకుంట ఇక్కడ పెద్దగైనోడు లేడు. కాని మన ‘రేపు రా’ల ఒక మనిషి ఉంటడు. రేపు పోతం. వేపచెట్టు కింద కూసుంటం. అటెండరుది ఏ ఊరో అడుగుతం. మక్తల్ దిక్కంటడు. మక్తల్ల మా చిన్నమ్మ ఉంటదంటం. చాయ తాగిపిస్తం. పని కాదు. మూడోనాడు గొంతు లేపుతం. “మీ తాత జాగీరా ఇది” అంటం. సారు బయటికొస్తడు. నలుగురు జమైతరు. పని అప్పుడు గూడ కాదేమో గాని మనసు తేలికైతది. కోపానికి ఒక చిరునామా దొరుకుతది.

టోక్యోల దఫ్తర్లకు చిరునామా ఉన్నది గాని కోపానికి లేదు. కంపెనీల ఏ పనికైనా రింగి అనే కాయితం తిరుగుతది. కిందోడు ముద్ర కొట్టి పైనోనికి పంపుతడు, వాడు కొట్టి ఆపైనోనికి. కొన్ని బ్యాంకులల్ల కిందోని ముద్ర నిటారుగ కొట్టరంట. ఎడమదిక్కు వంచి కొడతరు, పక్కనున్న బాసు ముద్రకు దండం పెట్టినట్టు కనపడాలెనని. మనిషే కాదు, ముద్ర గూడ వంగుతది. పది ముద్రలైనంక “ఇది ఎవరు ఆపిన్రు?” అని అడిగితే ఎవరూ ఆపలేదు. “సరే, ఎవరు ఒప్పుకున్నరు?” అంటే ఎవరూ ఒప్పుకోలేదు గూడ. మా పిలగాడు తనకిచ్చిన కంప్యూటర్ల ఒక సాఫ్ట్‌వేరు కావాలని అడిగితే మేనేజరు “కెంతో షిమస్” అన్నడు. డిక్షనరీల చూస్తే ‘పరిశీలిస్తం’. మూడు నెలలు ఆశతోని చూసిండు. నాలుగో నెల పక్క సీటు నేపాలాయన చెప్పిండు, అది ‘కాదు’ అనే మాటకు చొక్కా తొడిగిందని.

మా అక్కకు మాత్రం ఇవేం పట్టవు. “ఆ బ్యాంకు పిల్ల దగ్గరికి మల్లొకసారి పోరా. తిన్నవా అమ్మా అని అడుగు. కరుగుతది,” అన్నది. వాడు పోయి అడిగిండు గూడ. ఆమె మస్తు సంతోషపడి, తిన్నానని చెప్పి, కొత్త ఫారం ఇచ్చింది.

జపానును చూసి మురుసుడు మనకు ఇయ్యాల మొదలు కాలేదు. 1922ల నిజాం సర్కారు విద్యాశాఖ డైరెక్టరు రాస్ మసూద్ జపాను పోయి వాళ్ల చదువులు చూసొచ్చిండు. మరుసటేడు పుస్తకం అచ్చేసిన్రు. సొంత భాషల చదువు చెప్పి దేశాన్ని లేపొచ్చు అన్నది ఆయనకు అక్కడ దొరికిన పాఠం. అప్పటికే ఉర్దూల నడుస్తున్న ఉస్మానియాకు అది బలమైన సాక్ష్యమైంది. పాఠం మంచిదే. ఎవరి సొంత భాష అన్న సంగతి మాత్రం పాలమూరు తెలుగు పిలగాళ్లను అడగడం మరిచిన్రు.

మల్ల 2025 ఏప్రిల్ల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పోయిండు. కొండారెడ్డిపల్లి బిడ్డ, మన ఉమ్మడి పాలమూరు జిల్లా మనిషి. సరిగ్గ ఆ వారమే ఇక్కడ భూమి రికార్డుల కొత్త చట్టం భూభారతి మొదలైంది, నారాయణపేట జిల్లా మద్దూరు మండలంల రైతులు పట్టాదారు పాసుపుస్తకాలు సంకలపెట్టుకొని తప్పులు దిద్దించుకోనీకె లైన్ల నిలబడ్డరు. అక్కడ టోక్యోల మారుబెని కంపెనీ హైదరాబాదు పక్కన కట్టాలనుకున్న ఫ్యూచర్ సిటీల ఇండస్ట్రియల్ పార్కుకు ఆసక్తి పత్రం మీద సంతకం పెట్టింది. ఆసక్తి పత్రం అంటే ఏందో మా పిలగాన్ని అడిగిన. వాడు ఏం చెప్పకుంట పండ్ల సందుల నుంచి గాలి గుంజిండు. ఆ పర్యటనల్నే, బయటి దేశాల నౌకర్లకు మనుషులను పంపే మన సర్కారు సంస్థ టామ్‌కామ్ ఇంకో ఒప్పందం చేసుకున్నది. నర్సింగు, ఇంజనీరింగు, హోటళ్లు, కట్టడం పనులకు 500 మందిని పంపుతరంట.

కట్టడం పని అనంగనే చెవులు నిలబడ్డయి. పాలమూరు లేబరు లేకుంట ఈ దేశంల పెద్ద ఆనకట్ట లేచిందా? గుంపు మేస్త్రీ ఊర్లకొచ్చి అడ్వాన్సు ఇస్తడు. అడ్వాన్సు తీసుకున్నోడు పని నచ్చినా నచ్చకున్నా ఆ గుంపు విడవొద్దు. విడిస్తే ‘పారిపోయిండు’ అంటరు, దొంగను అన్నట్టు. జపానుల 1993ల మొదలైన శిక్షణ పథకం ఒకటున్నది. బయటి దేశాల పిల్లలు వచ్చి ‘నైపుణ్యం’ నేర్చుకొని ఇంటికి పోవాలె. 2017ల మన దేశం గూడ అండ్ల చేరింది. వియత్నాం అసొంటి దేశాల నుంచి ఏజెంట్లకు అప్పులు చేసి కట్టి వచ్చినోళ్లు ఎందరో. వచ్చినోడు కంపెనీ మారనీకె లేదు. కాంక్రీటు మోసినా, క్యాబేజీ కోసినా, మేనేజరు తిట్టినా ఆడ్నే ఉండాలె. 2023 ఒక్క ఏడు 9,753 మంది కనపడకుంట పోయిన్రు. సర్కారు లెక్క పుస్తకంల వాళ్ల పేరు గూడ అదే, ‘మాయమైనోళ్లు’. 2024ల చట్టం మార్చిన్రు, 2027 నుంచి కొత్త పద్ధతంట, ఒకటి రెండేండ్లైనంక అదే రకం పనిల కంపెనీ మారొచ్చంట. మన గుంపు మేస్త్రీకి ఆ చట్టం గురించి ఎవరన్న చెప్తే మంచిది. వానికి చట్టం అక్కర్లేదు గాని, ముప్పయ్యేండ్లు దాన్ని ‘శిక్షణ’ అన్నరన్న ఉపాయం బాగ నచ్చుతది.

దసరాకు పిలగాడొచ్చిండు. సన్నవడ్డడు. జొన్నరొట్టె తినుకుంటనే తల వంచి “హై, హై” అని జపాను భాషల ఔనంటున్నడు. పాస్‌పోర్టుల ఒక తీరు, పుట్టిన సర్టిఫికెట్ల ఒక తీరు ఉన్న పేరు దిద్దించుకొని రమ్మన్నరంట అక్కడ. ఇద్దరం ఒక దఫ్తరుకు పోయినం. ఏ దఫ్తరని అడగకున్రి, అన్నీ ఒకటే.

అటెండరు మొఖం గూడ లేపకుంట “రేపు రాపో” అన్నడు. నా పక్కనున్నోని మొఖంల ఎంత వెలుగొచ్చిందో చెప్పలేను. ఏడాదిన్నర దాచిపెట్టుకున్నది మొత్తం బయటికొచ్చింది. “రేపెందుకు రావాలె? సారేడి? పదకొండైనా కుర్చీల మనిషి లేడు, మేం పనిలేకొచ్చినమా?” గోడ మీది సున్నం రాలినంత పని. నేను ఆపలేదు. ఆపితే పాపం తగులుతది.

అటెండరు నిమ్మళంగ విన్నడు. మెల్లగ అడిగిండు, “ఏ ఊరు మీది? ఏడ జేస్తున్నవు నౌకరి?”

“దేవరకద్ర. జపానుల చేస్తున్న.”

కుర్చీ జరిపిండు. చాయ చెప్పిండు. మా కాయితం తీసి దొంతరల అన్నింటికన్న పైన పెట్టిండు. “అన్నా, మావోడు ఐటీఐ ఫిట్టరు. ఆడేమన్న దొరుకుతదా? నీకు పుణ్యముంటది.”

మా పిలగాడు తలకాయ ఒక దిక్కు వాల్చిండు. పండ్ల సందుల నుంచి గాలి లోపలికి గుంజిండు.

“చూస్తనే,” అన్నడు. “కొంచెం…”

అటెండరు లోపలికి ఉరికిండు. “సార్, చూస్తనన్నడు సార్ మనోడు!”