చెంపకు దిండు, జేబుకు చిల్లు

ఎర్గానమిక్స్, అంటే వస్తువును మనిషి ఒంటి తీరుకు మలచడం, అనే మాట నిన్నమొన్నటి దాకా ఆఫీసు కుర్చీలు అమ్మేవాళ్ల నోట వినిపించేది. ఇప్పుడది ఎయిర్‌గన్ మీద వాలింది. ఆ ఎయిర్‌గన్ రీల్ ఎలా ఉంటుందో ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. నల్లటి అల్యూమినియం చాసిస్, దాని మీద మూరెడు స్కోపు, కింద కాళ్లు చాపుకున్న బైపాడు, వెనక మర తిప్పితే లేచి దిగే చెంప దిండు, ఇంటర్వెల్ బ్యాంగుకు కొట్టాల్సిన మ్యూజిక్కు. కెమెరా మెల్లగా ముందుకు జరుగుతుంది. శత్రువు కనిపిస్తాడు. ఖాళీ కూల్‌డ్రింకు డబ్బా. డాబా మీద ఈ పిట్టగోడకూ ఆ పిట్టగోడకూ ఎంత దూరమో అంత దూరంలో, పారిపోయే ఉద్దేశమేమీ లేకుండా నిలబడి ఉంటుంది.

డబ్బా ఎగిరి పడుతుంది. "కిట్ వేశాక గన్ను నా బాడీలో పార్ట్ అయిపోయింది బ్రో" అంటాడు కుర్రాడు. తుపాకీ ఒంట్లో భాగమైపోవడం డాక్టర్లు మెచ్చే పరిణామం కాదు. చూసినవాళ్లకు మాత్రం ఆ కిట్ ఎక్కడ దొరుకుతుందన్నదే బెంగ.

అన్నిటిలోకీ ఆ చెంప దిండు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. కంపెనీవాళ్లు దాన్ని చీక్ రైజర్ అంటారు.

2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అలా కొనుక్కునే మామూలు స్ప్రింగ్ గన్నుకు చెక్క బట్టు ఉంటుంది. గొట్టం మీదున్న చిన్న సైట్ల కోసం ఆ చెక్కను చెక్కుతారు. దానికి చెంప ఆనిస్తే కన్ను నేరుగా వెనక సైటు గాడికి ఎదురుగా వస్తుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇంత సుఖంగా ఉన్న మనిషికి ఏదీ అమ్మలేం. కాబట్టి ముందు ఆ సుఖం పోవాలి.

"సైట్లతోని ఏం కనవడ్తది అన్నా? 50 ఎంఎం స్కోపు తీస్కో, దునియా దగ్గరికొస్తది" అంటాడు కౌంటర్లో కుర్రాడు. దునియాతో పనేమిటని, డబ్బా కనబడితే చాలు కదా అని ఈ అన్నకు తోచదు. 50 మిల్లీమీటర్ల అద్దం గొట్టానికి తగలకుండా ఉండాలంటే ఎత్తు మౌంట్లు కావాలి. అవీ కొంటాడు. ఇంటికెళ్లి గురి పెట్టేసరికి కన్ను ఉండాల్సిన చోటు బట్టుకు రెండు వేళ్ల పైకి వెళ్లిపోయింది. చెంప గాలిలో ఉంది, గడ్డం చెక్క మీద ఉంది, మెడ కొంగలా సాగింది. వారం తిరక్కుండా మళ్లీ కొట్టుకు వస్తాడు. "చెంప ఆనుత లేదు తమ్మీ." తమ్ముడు ఈ వాక్యం కోసమే ఎదురు చూస్తున్నాడు. "గందుకే కదన్నా రైజర్ వచ్చింది!"

జబ్బు అమ్మిన కౌంటర్లోనే మందు అమ్మడం అంటే ఇదే.

ఇంతకీ ఆ పెద్ద అద్దం ఎందుకు? సందె చీకట్లో, దూరంగా ఉన్నదాన్ని చూడ్డానికి వెలుతురు ఎక్కువ పోగు చేస్తుంది. మిట్టమధ్యాహ్నం పూట డాబా మీద వెలుతురు కరువేమీ లేదు. పైగా మందుగుండు తుపాకుల కోసం చేసిన చవక స్కోపుల్లో పారలాక్స్‌ను సాధారణంగా 100 గజాల దూరానికి సరిచేసి బిగించేస్తారు. 10 మీటర్ల దగ్గర అందులోంచి చూస్తే డబ్బా మసకబారుతుంది. అంతేకాదు, కన్ను కాస్త పక్కకు జరిగితే చాలు, కదలని తుపాకీలో కూడా గురి గీతలు జరిగినట్టు కనిపిస్తాయి. అంటే కన్ను ప్రతిసారీ ఒకే చోటికి రావాలి. అది రావాలంటే చెంప ఒకే చోట ఆనాలి. కాబట్టి రైజర్ తప్పనిసరి అని కొట్టువాడు చెప్పేది అబద్ధం కాదు. ఆ నిజాన్ని నిజం చేసింది అతను అంతకు ముందు వారం అమ్మిన స్కోపు.

కథ ఇక్కడితో ఆగదు. స్ప్రింగ్ గన్ను రెండు వైపులా తంతుంది, ముందు వెనక్కి, వెంటనే ముందుకి. ఆ రెండు తన్నులకు తయారు కాని స్కోపు లోపల అద్దాలు వదులవుతాయి, మౌంటు పట్టాల మీద వెనక్కి జారుతుంది. జారకుండా ఒంటిముక్క మౌంటు, దానికో స్టాప్ పిన్ను. ఇంత బరువెక్కాక చెయ్యి వణుకుతుంది కాబట్టి బైపాడు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవును చూసుకోవడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మన తాతలు చెప్పిందే. ఆ సన్యాసికి చివర్లో సంసారమన్నా మిగిలింది. మన కుర్రాడికి మిగిలేది అలెన్ కీ.

ఆ అలెన్ కీతో అతని ఆదివారాలు గడిచిపోతుంటాయి. దిండు ఒక మర పైకి, అర మర కిందకి, కాస్త ముందుకి, కొంచెం వాలుగా. ఏ గీత మీద ఉందో ఫోన్లో ఫొటో. మరుసటి వారం గడ్డం గీసుకుంటే లెక్క మళ్లీ మొదటికి. ఇదే పని అరిగిపోయిన హవాయి చెప్పులోంచి కోసిన రబ్బరు ముక్క, దాని చుట్టూ క్రేప్ బ్యాండేజీ చేసిపెడతాయి. చిన్న అద్దం స్కోపును తక్కువ ఎత్తు మౌంట్ల మీద పెట్టినా చాలావరకు సరిపోతుంది. స్కోపు తీసి అవతల పెడితే అసలు సమస్యే లేదు. ఈ మూడింటిలో ఏదీ రీల్‌కు పనికిరాదు.

బైపాడు ఇంకా గొప్పది. స్ప్రింగ్ గన్నులో ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, గాలి నలిగి పెల్లెట్‌ను తోస్తుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకీ కదలడం మొదలవుతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి, అంటే వదులుగా పట్టుకోవాలి. అమెరికాలో ఎయిర్‌గన్‌ల గురించి దశాబ్దాలుగా రాస్తున్న టామ్ గేలార్డ్ ఆర్టిలరీ హోల్డ్ అని పేరు పెట్టి చెప్పింది ఈ పద్ధతే. తెరిచిన అరచేతి మీద రైఫిల్‌ను ఊరికే ఆనించడమే పని. అరచేతికి అందరికీ లైసెన్సు ఉంది, ధర లేదు. దాన్ని పక్కనపెట్టి తుపాకీకి లోహపు కాళ్లు బిగించి గట్టి గచ్చు మీద నిలబెడితే ప్రతి తన్నుకూ అది ఎగిరి గెంతుతుంది, గుళ్లు ఎటుబడితే అటు పోతాయి. గాలి ముందే నింపి పెట్టుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధ లేదు. ఆ కిట్ కొంటున్నవాళ్లలో చాలామంది దగ్గరుంది మాత్రం స్ప్రింగ్ గన్నే.

మిగతావాటికి తలా ఒక వాక్యం చాలు. వేలికి వెడల్పుగా తగిలే ట్రిగ్గర్ షూ, ట్రిగ్గర్‌ను గుంజే అలవాటును ఇంకాస్త హాయిగా గుంజనిస్తుంది. బొటనవేలు దూర్చుకునే రంధ్రమున్న బట్టు ఫొటోల్లో బావుంటుంది. రైఫిల్ వాలిందో లేదో చెప్పే నీటిబుడగ, పక్కింటి వాటర్ ట్యాంకుకు చిల్లు పడితే ఎవరు కడతారో చెప్పదు.

పోనీ ఇదంతా పోటీ కోసమా? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలు బొటనవేలి రంధ్రాన్ని, పామ్ రెస్ట్‌ను, హీల్ రెస్ట్‌ను, నీటిబుడగను పేరు పేరునా నిషేధించాయి. స్కోపుకు చోటు లేదు. బైపాడు ఊసే లేదు. రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. ఒలింపిక్ స్థాయి అని అమ్ముతున్న సరంజామాలో సగం వేసుకుని రేంజికి వెళ్తే పరికరాల తనిఖీ బల్ల దగ్గరే ఆపేస్తారు.

ఒలింపిక్స్‌లో వాడే ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, స్టేయర్ రైఫిళ్లకు మరలు లేవా? నిండా ఉన్నాయి. చెంప ఎత్తు, బట్ ప్లేటు పొడవు, వాలు, అన్నీ ఫ్యాక్టరీలోనే సర్దుకునేలా చేసి పంపిస్తారు. అక్కడ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్క కోసం నిలబడేవాడికి మిల్లీమీటరు లెక్కే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి షాటు 10.8, మొత్తం 700.5. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2003లో ఇదే నగరంలో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో స్వర్ణం కొట్టి, 2012 లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చాడు. ఏళ్ల తరబడి ఒకే తీరున నిలబడి, ఒళ్లు ఎక్కడ ఏం చేస్తోందో తెలిశాక వాళ్లు మర తిప్పుతారు. కూల్‌డ్రింకు డబ్బా ఆ టార్గెట్ మొత్తం కంటే వెడల్పు. డబ్బాను కొట్టడానికి వాళ్ల మిల్లీమీటర్లు అప్పు తెచ్చి అమ్ముతున్నారు.

డబ్బాలు కొట్టే కుర్రాళ్లు ఏం కొనుక్కుంటే ఎవరికేం, వాళ్ల జీతం వాళ్ల ఇష్టం అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ వ్యాపారం ఇప్పుడు పిల్లల దగ్గరికి వచ్చింది, నవ్వు అక్కడితో ఆగిపోతోంది. రేంజిలో చేరిన పదమూడేళ్ల అమ్మాయికి స్కోరు పెరగట్లేదని తండ్రి అడిగితే, జర్మన్ బట్ ప్లేటు లేకపోతే ఎలా పెరుగుతుందండీ అని జవాబు. ఆయన చిట్టీ పాడి తెస్తాడు. తర్వాత గ్రిప్పు. తర్వాత చెంప పలక. ఆ పిల్ల ఎలా నిలబడుతోందో ఈలోగా ఒక్కరూ పక్కనుంచి చూడరు. పెద్ద మగవాడి చేతుల కొలతకు చేసిన బట్టు ఆమెకు పొడుగై, ఆ పొడుగు తట్టుకోవడానికి తల ముందుకు సాచి, భుజం ఎగదోసి నిలబడుతోంది. బట్టును కొలతకు కుదిస్తే, క్లబ్బు స్ప్రింగ్ గన్నయితే వడ్రంగితో ఓ అంగుళం కోయిస్తే, తీరిపోయే ఇబ్బంది అది. ఎడమచేతి వాటం పిల్లల గోడు అసలే ఎవరికీ పట్టదు. ఎర్గానమిక్స్ అవసరమైన ఒంటిని వదిలేసి, డబ్బున్న జేబుకు ఎర్గానమిక్స్ చేస్తున్నారు. దీన్ని వ్యాపారం అనడం మర్యాద. ఇది మోసం. పిల్ల ఓడిపోతే తప్పు తమదేనని, ఇంకో సామాను కొనలేకపోవడమే ఆ తప్పని ఆ తండ్రిని నమ్మించడం అంతకంటే నీచం.

ఆ అమ్మాయికి చెప్పాల్సింది అరగంట పని. ఎడమ మోచేయి తుంటి ఎముక మీదికి రావాలి. బరువు కండరం మోయకూడదు, ఎముకల మీదుగా పాదాల్లోకి దిగాలి. గురి పెట్టి కళ్లు మూసుకో, రెండు సార్లు ఊపిరి తీసి వదిలి కళ్లు తెరువు. సైటు టార్గెట్‌కు కుడిపక్కకు పోయిందా? చేత్తో లాగకు, పాదాలు జరుపు. మళ్లీ కళ్లు మూసుకో. తెరిచిన ప్రతిసారీ చుక్క దానంతట అదే ఎదురుగా ఉండే దాకా ఇదే. ఈ పనికి బిల్లు రాయలేరు కాబట్టి నేర్పేవాళ్లు తక్కువ.

పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని మిక్స్‌డ్ ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచినప్పుడు ఇక ఈ సామాన్ల పిచ్చి తగ్గుతుందని కొందరు ఆశపడ్డారు. అది అతని అయిదో ఒలింపిక్స్ అన్న సంగతి ఎవరికీ గుర్తుండలేదు, పిస్టల్ షూటర్లు చాలామంది ఆ చెయ్యిని అలా జేబులోనో బెల్టులోనో పెట్టుకుంటారనీ తెలియదు. కిట్ అమ్మేవాళ్లు ఆ జేబును కూడా ఎప్పుడో అప్పుడు విడిగా అమ్ముతారు.

ఈ రీళ్లలో డబ్బా ఎగరడం కనిపిస్తుంది గానీ కాగితం టార్గెట్ కనిపించదు. అడగాల్సింది దాన్నే. 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో, కిట్ బిగించక ముందు పది, బిగించాక పది కాల్చి, రెండు కార్డులూ పక్కపక్కన చూపించమనండి. కాల్చేది మాత్రం కొనుక్కున్నవాడే అయ్యుండాలి, అమ్మినవాడు పెట్టుకున్న మనిషి కాదు.