దొంగగారి శీలపరీక్ష

జపాన్ యానిమే లోకంలో లూపిన్ ది థర్డ్ అని ఒక గజదొంగ ఉన్నాడు. మంకీ పంచ్ అనే కలంపేరుతో కజుహికో కాటో 1967లో మొదలుపెట్టిన మాంగాలో పుట్టి, 1971లో టీవీకెక్కాడు. ఏ ఖజానాకీ ఇతన్ని ఆపే తాళం లేదు, ఏ జైలుకీ ఇతన్ని నిలుపుకునే గోడ లేదు. అంతటివాణ్ణి అంగుళం కదలకుండా కట్టి పడేయగలిగినవాళ్లు భూమ్మీద ఒక్కరే. అతని వీరాభిమానులు.

కొత్త సీజన్ వస్తోందంటే చాలు, పంచాయితీ కూర్చుంటుంది. అభియోగం ఏనాడూ మారదు: వీడు అసలు లూపిన్ కాడు. తాతగారు ఆర్సేన్ లూపిన్‌ని ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాంక్ దగ్గర అడగకుండా ఎత్తుకొచ్చి, ఆ కొట్టేసిన పేరుతోనే యాభై ఏళ్లకు పైగా బతుకుతున్న దొంగ దగ్గర వీళ్లు అడుగుతున్నది ఏమిటయ్యా అంటే, ఒరిజినల్ సర్టిఫికెట్!

ముందు కోటు సంగతి. మొదటి సీరీస్‌లో ఆకుపచ్చ కోటు, 1977లో ఎరుపు, 1984లో గులాబీ, 2015లో ఇటలీ వెళ్లినప్పుడు నీలం. దుస్తులు మార్చకుండా తిరిగే దొంగ ఎవడైనా ఉంటాడా అని మీరూ నేనూ అడుగుతాం. అభిమాని అడగడు. అతనికి కోటు రంగే కులం, రంగే గోత్రం. ఆకుపచ్చవారు ఎరుపువారింట మంచినీళ్లు ముట్టరు. ఎరుపువారికి 155 ఎపిసోడ్ల ఆస్తి ఉంది, యూజీ ఓనో సంగీతం ఉంది, అంచేత కాస్త కండకావరం కూడా ఉంది. ఇక గులాబీవారిని ఇద్దరూ కలిసి ఊరి చివర పెట్టారు.

పోనీ, అందరికంటే పవిత్రమైన ఆ ఆకుపచ్చనే చూద్దాం. 1971లో ప్రసారమవుతున్నప్పుడు దాన్ని చూసిన నాథుడు లేడు. రేటింగులు పడిపోయాయని దర్శకుడు మసాకి ఒసుమిని మధ్యలోనే పక్కన పెట్టి, ఇసావో తకహాతా, హయావో మియాజాకిలను పిలిచారు. గరళంలా మొదలైన లూపిన్ కాస్తా తేనె పూసుకుని, 23 ఎపిసోడ్లకే మూట సర్దుకున్నాడు. జనం నెత్తిన పెట్టుకున్నది ఆ తర్వాత, పునఃప్రసారాల్లో. అంటే వీళ్లు గుడి కట్టిన మొట్టమొదటి సీజన్‌లోనే ఇద్దరు లూపిన్లున్నారు. ఇద్దరిలో అసలువాడెవడో తేల్చమంటే మాత్రం పంచాయితీ టీ తాగడానికి లేస్తుంది.

1979 డిసెంబరులో మియాజాకి తన తొలి సినిమా తీశాడు, ‘కాగ్లియోస్ట్రో కోట’. మంకీ పంచ్ గీసిన లూపిన్ మాయగాడు, ఆడవాళ్ల వెంటపడి చొల్లు కార్చేవాడు, అవసరమైతే మనిషిని లేపేసేవాడు. మియాజాకి లూపిన్ ఆపదలో ఉన్న అమ్మాయిని కాపాడి, చేతులు చాచి దగ్గరకొస్తే మర్యాదగా వెనక్కి తగ్గుతాడు. దొంగకింత సంస్కారమేమిటని అప్పట్లో ముఖం చిట్లించారు. టిక్కెట్లూ పెద్దగా తెగలేదు. ఇప్పుడు? కొత్త లూపిన్ ఏ అమ్మాయినైనా చూసి కన్ను గీటితే చాలు, “ఛీ, కాగ్లియోస్ట్రో లూపిన్ ఇలా చేసేవాడా?” అంటారు. అతను కన్ను గీటకపోతే అప్పుడు మాంగా ప్రతి బయటికి తీస్తారు. ఎటు తిరిగినా పుంజీడు కొరడా దెబ్బలు తప్పవు.

ఈ జనానికి ద్రోహం చెయ్యాలంటే అంత కష్టపడక్కర్లేదు, ఇరవై ఏళ్లు ముందుగా మంచి సినిమా తీస్తే చాలు. 1987లో ‘ఫూమా’ సినిమాకి గొంతులన్నీ మార్చారు. అభిమానులు నిప్పులు చెరిగారు, పాత గొంతులు పరుగున తిరిగొచ్చాయి. ఇప్పుడు అదే సినిమా గురించి, “ఆ కారు ఛేజింగు చూశారా, అలాంటి బొమ్మలు ఇప్పుడెవరు గీస్తున్నారు?” అని నిట్టూర్పులు!

గొంతుల దగ్గరే ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే పెద్ద ఏడుపంతా అక్కడే. లూపిన్‌కి గొంతిచ్చిన యసువో యమదా 1995లో పోయారు. ఆయన గొంతును అనుకరించి పేరు తెచ్చుకున్న మిమిక్రీ కళాకారుడు కానిచి కురితా ఆ కుర్చీలో కూర్చున్నారు. అచ్చు యమదాలా పలికితే అనుకరణ అన్నారు, కొంచెం తేడాగా పలికితే అపచారం అన్నారు. యమదా లూపిన్‌గా ఉన్నది సుమారు 24 ఏళ్లు. కురితా ఆ లెక్క ఏనాడో దాటేశారు, ముప్ఫయ్యో ఏడూ నిండింది. అయినా కొందరి పుస్తకాల్లో ఆయనింకా తాత్కాలిక ఉద్యోగే.

2011లో లూపిన్ బృందంలోని గోయెమోన్‌కీ ఫుజికోకీ గొంతులు మారినప్పుడు “అసలు బృందాన్ని చెదరగొట్టారు” అని శోకాలు పెట్టారు. ఏ అసలు బృందం? మొదటి సీరీస్‌లో గోయెమోన్ గొంతు చికావో ఒత్సుకాది, ఫుజికో గొంతు యుకికో నికైదోది. ఆ ఇద్దరినీ 1977లోనే మార్చేశారు. అదే బృందంలోని జిగెన్‌కి మాత్రం కియోషి కొబయాషి 88 ఏళ్ల వయసు దాకా గొంతిచ్చి, 2021లో టీవీ సీరీస్ ఆరో భాగం ముందు ఒక ప్రత్యేక ఎపిసోడ్‌తో సెలవు తీసుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే, వాటిని వెక్కిరించను. తడి ఆరకముందే, వచ్చినవాడు పనికిరాడని తీర్పు రాసినవాళ్లనే వెక్కిరిస్తాను. వచ్చినవాడు అకియో ఒత్సుకా, పైన చెప్పిన చికావోగారి కొడుకు. అసలు వంశం, అసలు రక్తం అంటూ మీసం మెలేసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలో నాకు అంతుపట్టలేదు.

అదే ఆరో భాగంలో లూపిన్ లండన్ వెళ్లి షెర్లాక్ హోమ్స్‌కి ఎదురుపడ్డాడు. “మన కథలోకి ఆ డిటెక్టివ్‌ని లాక్కురావడం ఏమిటి, సంప్రదాయం మంటగలిసింది” అన్నారు. సంప్రదాయమట! హోమ్స్‌ని లాక్కొచ్చింది స్వయంగా లెబ్లాంకే, వందేళ్ల కిందట. కానన్ డాయిల్ అభ్యంతరపెడితే పేరులో అక్షరాలు అటూ ఇటూ జరిపి హెర్లాక్ షోమ్స్ అని పెట్టుకున్నాడు. ఇంతకు మించిన సంప్రదాయం ఈ వంశంలో ఏదీ లేదు.

2018లో ఐదో భాగం వచ్చినప్పుడు లోకమంతా ఫోన్లు పట్టుకుని లూపిన్ ఎక్కడున్నాడో ఒకరికొకరు చేరవేసుకుంటూ వేటాడే ఆట పెట్టారు. దొంగ దాక్కోవడానికి చోటు లేకుండా ఊరూ వాడా ఫోను చేతబట్టి తీర్పులు చెప్పడమేమిటి, ఇది నమ్మేలా లేదు అని కొందరు సెలవిచ్చారు, చేతిలోని ఫోను లోంచే. ఫోనే లేని లూపిన్‌ని చూపిస్తే, పాత చింతకాయ పచ్చడి అని కూడా వాళ్లే అనేవారు.

ఇంతమందిలో నాకు గౌరవం మిగిలింది ఇన్‌స్పెక్టర్ జెనిగాటా మీదే. అభిమానుల్లాగే ఆయనకూ జీవితంలో వేరే పని లేదు, లూపిన్‌ని పట్టుకుంటానంటూ దేశదేశాలు తిరుగుతాడు. అవతలివాడు మారువేషాల్లో మొనగాడు, ఒక్కోసారి ఈయన ముఖమే తొడుక్కుని ఈయన పోలీసుల మధ్యే తిరుగుతాడు. అయినా ఆయన ఏనాడూ “నువ్వు ఆకుపచ్చ కోటు లూపిన్‌వి కావు, పో” అని బేడీలు జేబులో వేసుకుని వెనుదిరగలేదు. 2011లో ఆయన గొంతూ మారింది, గోరో నాయా వెళ్లి కోయిచి యమదెరా వచ్చారు. మర్నాడు కూడా ఆయన డ్యూటీకి వేళకే వచ్చాడు.