మింగ మెతుకొద్దు, కప్పు కొబ్బరినూనె ముద్దు

యాగరక్షణకని రామలక్ష్మణుల్ని వెంటబెట్టుకుపోతూ విశ్వామిత్రుడు దారిలో వాళ్లకు బల, అతిబల అనే విద్యలు ఉపదేశించాడు. అవి వంటబట్టినవాడికి ఆకలిదప్పులుండవు. అంతటి విద్య కాబట్టే రాముడంతటివాడు సరయూ తీరంలో ఆచమనం చేసి, శుచిగా మరీ నేర్చుకున్నాడు. ఇప్పుడా తంటాలేవీ అక్కర్లేదు. రెండు వారాలు అన్నం మానేసి, పొద్దున్నే కాఫీలో వెన్నముద్ద కలుపుకుని తాగితే సరి. బల, అతిబల రెండూ ఇంటికొచ్చి తలుపు కొడుతున్నాయి. ఆఫీసులో, అపార్ట్‌మెంట్లో, చుట్టాల్లో లో-కార్బ్ వాళ్లనెవర్ని కదిపినా ఒకటే మాట: "అస్సలు ఆకలే వేయట్లేదండీ!"

ఆ మాట అనే తీరు చూడాలి. కొడుక్కి ఐఐటీలో సీటొచ్చిందని చెప్పే తండ్రి గొంతులో కూడా అంత గర్వం ఉండదు.

ఈ సిద్ధపురుషుణ్ణి దగ్గర్నుంచి చూడాలంటే పెళ్లి భోజనాలకు వెళ్లాలి. బఫేలో బిర్యానీ డేగిసా దగ్గర నిలబడి, గరిటె వెనకవైపుతో మెతుకులు పక్కకు నెట్టి ముక్కలు వెతుకుతుంటాడు. ఒక ముక్క దొరికితే దాన్ని అంచుకేసి రెండుసార్లు తడతాడు, అంటుకున్న మెతుకులు రాలాలి కదా. వెనక లైను ఆగిపోతుంది. వడ్డించే కుర్రాడు నోరు తెరిచి చూస్తాడు. చివరికి ప్లేటులో తేలేవి రెండు ముక్కలు, నాలుగు ఉల్లి చక్రాలు, ఓ నిమ్మచెక్క. అందులోనూ ఒకటిన్నర ముక్క తిని "చాలు, నిండిపోయింది" అంటాడు. అని ఊరుకోడు. పక్కన బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటున్న పెద్దాయన వైపు తిరిగి, "మీకింకా ఆకలేస్తోందా బాబాయ్?" అని జాలిగా అడుగుతాడు. ఆ పెద్దాయనకు అరవై అయిదేళ్లుగా రోజూ ఆకలేస్తోంది. ఇదో జబ్బని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

పిండిపదార్థం తగ్గించి తినడం దండగని ఎవరూ అనడంలేదు. మన కంచాల సంగతి మనకు తెలియనిది కాదు: అన్నం గుట్టంత, పప్పు గరిటెడు, కూర పేరుకి. ఆ గుట్ట తగ్గితే బరువు తగ్గుతుంది, చాలామందికి షుగర్ కూడా దిగుతుంది. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసినప్పుడు అన్నం లేకుండా కూడా తెలుగువాడు బతగ్గలడని మొదటిసారి రుజువైంది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. ఇవీ ఆ డైట్‌కు నాలుగు స్తంభాలు. జనం కప్పులతో కొలిచి కొబ్బరినూనె తాగారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని వెక్కిరించిన మన పెద్దలు, ఇంట్లో పాతిక కిలోల సోనామసూరి బస్తా పెట్టుకుని మెతుకు ముట్టకుండా నూనె గొంతులోకే పోసుకునే కాలం వస్తుందని కలగని ఉండరు.

ఆ డైట్ మంచిచెడ్డల మీద డాక్టర్లు అప్పుడే కావలసినంత వాదించారు. ఇక్కడి గొడవ వేరు. గురువులు ఏ డైట్ చెప్పినా, ఏం తినాలో ఎంతో కొంత చెబుతారు. శిష్యులు ఆ జాబితాకు సొంతంగా ఒక స్తంభం తగిలించారు: ఆకలి లేదు కాబట్టి ఏమీ తినక్కర్లేదు. అన్నం ఎలాగూ మానేశారు. కొన్నాళ్లకు నూనె వెగటేసింది, అదీ మానేశారు. గుడ్లు మొహం మొత్తాయి. మిగిలింది నిమ్మకాయ నీళ్లు, మల్టీవిటమిన్ మాత్ర. దీన్ని మన పెద్దలు పస్తు అనేవాళ్లు. వీళ్లు లో-కార్బ్ అంటున్నారు, అంతే తేడా.

ఇంతకీ ఆకలి ఎందుకు చస్తుంది? ఇందులో మహిమేమీ లేదు. పిండిపదార్థం బాగా తగ్గిపోతే కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. మామూలుగా మనిషి చిక్కేకొద్దీ గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరిగి, వంటింటి వైపు నెడుతుంది. ఒంట్లో కీటోన్లు ఉన్నంతకాలం ఆ పెరుగుదల అణగిపోతుంది. అంటే ఒంటికి కావలసినవి అందినా అందకపోయినా ఆకలి మాత్రం నోరెత్తదు. పిలవాల్సినవాడి నోరు నొక్కేసి, ఎవరూ పిలవలేదు కాబట్టి ఇంట్లో అంతా క్షేమమని చాటుకుంటున్నారు మన సిద్ధులు.

ఇక మొదటి వారంలో తగ్గిన మూడు కిలోల కథ. దానికోసం పాత ప్యాంటు తొడుక్కుని, నడుం దగ్గర గుప్పెడు ఖాళీ పట్టుకుని ఫొటో దిగుతారు. కండరాల్లోనూ కాలేయంలోనూ అంతా కలిపి అరకిలో దాకా గ్లైకోజన్ నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేస్తే ఆ నిల్వ ఖర్చయి, నీళ్లు బాత్రూమ్ దారి పడతాయి. కరిగిన కొవ్వు అందులో కొంచెమే. మరో పెళ్లిలో మూడుపూటలు భోంచేస్తే ఆ నీళ్లు మళ్లీ వచ్చి తమ చోట తాము కూర్చుంటాయి.

వీళ్ల తర్కంలో నాకు బాగా నచ్చేది మరొకటుంది. డైట్ మొదలుపెట్టిన కొత్తలో, రాత్రి పదింటికి పెరుగన్నం గుర్తొచ్చి ప్రాణం లాగేసినప్పుడు గురువుగారు ఏమంటారు? "అది నిజమైన ఆకలి కాదు, అలవాటు ఆడించే నాటకం. లొంగకండి." సరే, లొంగలేదు. నెల తిరిగి ఆకలి పోయాక అదే గురువు ఏమంటారు? "మీ శరీరం చెప్పే మాట వినండి. అడగనప్పుడు పెట్టకండి." అంటే ఆకలేసినప్పుడు శరీరం పచ్చి అబద్ధాలకోరు, వేయనప్పుడు అదే సత్యహరిశ్చంద్రుడు. సాక్షి ఒక్కడే. మనకు పనికొచ్చే వాంగ్మూలం ఇచ్చినప్పుడు మాత్రమే నమ్ముతాం. ఏ కోర్టులోనూ నిలవని ఈ వాదన డైట్ సభల్లో చప్పట్లు కొట్టించుకుంటోంది.

వాంగ్మూలాలు పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం. డెబ్బై కిలోల సిద్ధపురుషుడి దినచర్య ఇలా ఉంటుంది. పొద్దున వెన్న కాఫీ. మధ్యాహ్నం రెండు ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు. సాయంత్రం పది బాదం పలుకులు. రాత్రి చికెన్ సూపు, అందులో తేలే రెండు చిన్న ముక్కలు. మధ్యలో ఎప్పుడో రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె. గుడ్లలో ప్రొటీన్ 12 గ్రాములు. సూపు ముక్కలకు ఓ 15 వేసుకోండి. బాదం రెండో మూడో. వెన్నలో ఉన్నా లేనట్టే, కొబ్బరినూనెలో సున్నా. మొత్తం ముప్పై. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలంటుంది. డెబ్బై కిలోలకు 58 గ్రాములు. అది కూడా బరువు తగ్గే గోల లేకుండా, కడుపునిండా తినేవాళ్ల లెక్క. తక్కువ తిని చిక్కుతున్నవాడికి కండ నిలవాలంటే ఇంకా ఎక్కువే కావాలి. మనవాడు సగం దగ్గరే ఆగాడు. కేలరీలు కూడితే ఏడెనిమిది వందలు దాటవు.

ఆ సంఖ్యకు ఒక పోలిక చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944, 45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త కరువు మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలనుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు ముందుకొచ్చారు. ఇరవై నాలుగు వారాలపాటు వాళ్లను అర్ధాకలితో ఉంచారు. బరువులో పావువంతు పోయింది. కాళ్లు వాచాయి, మనసు చెదిరింది, వంటల పుస్తకాలు పోగేసుకుని రాత్రింబవళ్లు చదువుకున్నారు. కరువని పేరుపెట్టి వాళ్లకు పెట్టిన తిండి రోజుకి సుమారు 1,600 కేలరీలు. మన సిద్ధపురుషుడు అందులో సగంతో గడుపుతూ "ఎనర్జీ మామూలుగా లేదు" అంటున్నాడు. మిన్నెసోటా కుర్రాళ్లకు కనీసం తాము ఆకలితో ఉన్నామని తెలుసు.

ఎనర్జీ సంగతి రెండు మూడు నెలలకు దువ్వెన చెబుతుంది. తిండి ఒక్కసారిగా పడిపోయిన కొన్నాళ్లకు జుట్టు కుచ్చులుగా ఊడటం డాక్టర్లకు కొత్తేమీ కాదు. మనవాళ్లు మాత్రం నేరం బోరు నీళ్ల మీద మోపుతారు. నీళ్ల టాంకర్ మారుస్తారు, షాంపూ మారుస్తారు, చివరికి అద్దె ఇల్లు మారుస్తారు. కంచం మాత్రం మార్చరు. మెట్లెక్కితే తొడలు వణుకుతుంటే "కొవ్వు కరుగుతోంది" అని సంబరపడతారు. కరుగుతున్నదాంట్లో కండ కూడా ఉందని తూకం యంత్రం చెప్పదు కదా. రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తుంటాయి. అన్నం తగ్గితే ఇన్సులిన్ తగ్గి, మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపేస్తాయి. దాని మీద నాలుగు లీటర్ల ఉత్త నీళ్లు పోస్తే తలనొప్పీ నీరసమూ రాకేం చేస్తాయి? వేగంగా చిక్కినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వచ్చే ముప్పు కూడా ఉంది. అప్పుడు కడుపు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తే, డైట్ గురించి చెప్పకుండా "మొన్న పెళ్లిలో తిన్నది పడలేదు" అంటారు. తిన్న ఒకటిన్నర ముక్క మీద పడుతుంది పాపం.

ఇది మన దగ్గరే పుట్టిన వెర్రి కూడా కాదు. 1976లో అమెరికాలో రాబర్ట్ లిన్ అనే వైద్యుడు ఒక డైట్ పుస్తకం రాశాడు. దాని పేరుకి అర్థం "చివరి అవకాశం". తిండి బదులు రోజూ కాస్త ద్రవ ప్రొటీన్ తాగమన్నాడు. ఆ ద్రవం పశువుల చర్మాల్లాంటి వ్యర్థాల నుంచి తీసిన నాసిరకం ప్రొటీన్. రోజుకి మూడు నాలుగు వందల కేలరీలు. లక్షలాదిమంది ఎగబడ్డారు. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. వాళ్లలో కొందరికి ఇంకే జబ్బూ లేదు, గుండె లయ తప్పి పోయారు. ఆ పుస్తకం పేరు కొందరి విషయంలో అక్షరాలా నిజమైంది.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ల దగ్గర వ్యంగ్యం కాస్త ఆపాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో ఎప్పటిలాగే కొనసాగిస్తూ తిండి మానేస్తే షుగర్ అమాంతం పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే, మీటరులో షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే రక్తం ఆమ్లమయ్యే కీటోయాసిడోసిస్ రావచ్చు. దాని మొదటి లక్షణాల్లో వికారం, వాంతులతో పాటు ఆకలి మందగించడం కూడా ఉంటుంది. మన సిద్ధపురుషుడు దాన్ని కూడా డైట్ విజయమనే ఖాతాలో రాసుకుంటాడు. ఇలాంటివాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా డైట్ మొదలుపెట్టకూడదు, మాత్రలూ మానకూడదు.

ఇక రెండో తెగ ఉంది. వీళ్లు తినకపోవడంలో కాదు, లెక్క పూర్తిచేయడంలో సిద్ధులు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ప్రతి ముద్దలోని మాక్రోలు, అంటే పిండి, ప్రొటీన్, కొవ్వుల లెక్క, నమోదు చేస్తారు. రాత్రి పదకొండింటికి "ఇంకా 38 గ్రాముల కొవ్వు బాకీ" అని ఫోన్ మోగుతుంది. ఆకలి లేదు, నిద్ర ముంచుకొస్తోంది. అయినా ఫ్రిజ్ ముందు నిలబడి, ఏడుపు మొహంతో చీజ్ ముక్కలు మింగుతారు. భార్య లేచొచ్చి "ఏం చేస్తున్నారండీ?" అంటే, "మాక్రోలు పూర్తి చేస్తున్నా" అంటారు. పొట్ట చుట్టూ పదిహేను కిలోల కొవ్వు కట్టుకుని, రోజువారీ కొవ్వు తగ్గిందని బయట నుంచి అప్పు తెచ్చే మనిషిని ఏమనాలి? బరువు తగ్గాలనుకునేవాడు కొవ్వు బాకీ తీర్చక్కర్లేదు, ఆ పని పొట్ట చూసుకుంటుంది. తీర్చాల్సిన బాకీ ప్రొటీన్‌ది. అది ఒంట్లో అలా మూటగట్టి ఉండదు, తినకపోతే ఒళ్లు దాన్ని కండ నుంచే తీసుకుంటుంది.

ఆకలి తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన మందుల షాపుల్లోకీ వచ్చాయి. వాటిని రాసే డాక్టర్లు కూడా "ఆకలి లేకపోయినా ప్రొటీన్ తినండి, కాస్త బరువులెత్తండి" అనే చెబుతారు. వేలు పోసి కొన్న మందుతో ఉచితంగా వచ్చే ఆ సలహా, ఉచితంగా దొరికే లో-కార్బ్ సిద్ధితో మాత్రం రావడంలేదు.

అందుకని, ఆకలిని జయించిన మహానుభావులారా, ఒక్క మనవి. ఆకలి పిలవకపోతే గడియారాన్ని చూసి కూర్చోండి. నీళ్ల బాటిల్ కాసేపు పక్కన పెట్టి, ముందు ప్రొటీన్ తినండి. మూడు గుడ్లు, నూటయాభై గ్రాముల చేప ముక్కలతో కూర, కాస్త పనీరు ఉంటే డెబ్బై కిలోల మనిషికి కనీస లెక్క సరిపోతుంది. శాకాహారులైతే నూటయాభై గ్రాముల పనీరు, నలభై గ్రాముల మీల్ మేకర్, ఓ పెద్ద కప్పు పెరుగు, గుప్పెడు వేరుసెనగలతో అదే లెక్క కుదురుతుంది. పక్కన బీరకాయో తోటకూరో ఉండనివ్వండి. బీపీ, కిడ్నీ బాధలు లేకపోతే మజ్జిగలో ఉప్పు వేసుకోండి. నిన్న ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసి ప్రొటీన్ కూడండి. లెక్క కుదిరితే మీది డైట్. సగంలో ఆగితే అది పస్తు. పస్తుకు గురువు అక్కర్లేదు, కొబ్బరినూనే అక్కర్లేదు.